ఆడేవారమేనా? ఆటలల్లేవారము కాలేమా?

మన వార్షిక సంచికను కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు. రెండు లిపులు రెండు దిక్కుల నుండి బయలుదేరి నడిమి పుటలలో కలుసుకుంటాయి. ఇటువంటి పుస్తకంలో వీడియో ఆటలను గూర్చి వ్యాసమేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. చదువు చెడగొట్టే వ్యాపకానికి కళాశాల సంచికలో చోటా అని అడగవచ్చు. వారికి సవినయంగా సమాధానం చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు. ఆటలు ఆడుతూ రాత్రులు గడపడాన్ని మేము సమర్థించడం లేదు. ఒక విద్యార్థి ఒంటరిగా కూర్చుని, ఒక చిన్న ఆటను ఆరంభించి, ముగించి, లోకం చేతిలో పెట్టడాన్ని సమర్థిస్తున్నాము. ఈ రెంటికీ ఉన్న అంతరం, పుస్తకం అద్దెకు తెచ్చుకోవడానికీ పుస్తకం వ్రాయడానికీ ఉన్నంత.

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాము. ఆట అనగానే మన ఇళ్ళలో జూదం జ్ఞప్తికి వస్తున్నది. అందుకు కారణం లేకపోలేదు. ఫోనులో పేకాడి అప్పులపాలైన కుటుంబాలను మనమెరుగుదుము. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అయితే ఆ చట్టమే పందెం లేని ఆటలను వేరుచేసి, అవి ప్రోత్సహించదగినవని చెప్పింది. మన మండపాల రాతి పలకల మీద గీచిన పులిజూదాన్ని చూడండి. పేరులో జూదమున్నదే గాని ఆటలో పైసా లేదు. మూడు పులులు, పదిహేను మేకలు, కొన్ని గీతలు, అంతే. బలహీనులు కలసి నిలిచితే బలవంతుణ్ణి కదలకుండా కట్టివేయగలరని ఒక్క మాటైనా పలుకకుండా ఆ గీతలు బోధిస్తాయి. చిన్న ఆటకున్న శక్తి అది.

ఈ శక్తిని ఒంటిచేతితో చూపినవారు లోకంలో లేకపోలేదు. 1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తూ అలెక్సీ పజిట్నోవ్ టెట్రిస్‌ను రూపొందించాడు. మన తిరునాళ్ళలో బ్రిక్ గేమ్ పేరుతో అమ్మిన చేతి యంత్రాలలో పైనుండి రాలిన ముక్కలు ఆ ఆటవే. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఎరిక్ బరోన్ అనే యువకుడు నాలుగేళ్ళకు పైగా ఒక్కడే కూర్చుని, బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రాం అన్నీ తానే సమకూర్చి, 2016 ఫిబ్రవరిలో స్టార్‌డ్యూ వ్యాలీ అనే సేద్యపు ఆటను విడుదల చేశాడు. 2024 చివరకు అది నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. లూకస్ పోప్ 2013లో వెలువరించిన పేపర్స్ ప్లీజ్ అనే ఆటలో యుద్ధాలు లేవు, రథాలు లేవు. సరిహద్దు చౌకీలో కూర్చుని వచ్చేపోయేవారి కాగితాలు పరిశీలించే ఒక చిరుద్యోగి, అతడి అంతరాత్మ మాత్రమే ఉన్నాయి. ఇక హానోయ్ నగరవాసి డాంగ్ నుయెన్ కొద్ది రోజులలో ముగించిన ఫ్లాపీ బర్డ్ లోకాన్ని ఊపివేసింది. జనం దానికి బానిసలవుతున్నారని కలతచెంది 2014 ఫిబ్రవరిలో ఆయనే దానిని ఉపసంహరించుకున్నాడు. ఆట అల్లేవాడికి అంతరాత్మ కూడ ఉండవలెనని చెప్పే ఉదంతమిది.

ఈ పేర్లు చూచి కోట్ల కలలు కనరాదని విద్యార్థి మిత్రులకు హెచ్చరిక చేస్తున్నాము. 2024 ఒక్క సంవత్సరంలోనే స్టీమ్ అనే అంగడిలో 18 వేలకు పైగా ఆటలు విడుదలైనాయి. వాటిలో పేరు వినబడినవి వ్రేళ్ళమీద లెక్కించదగినవి. అక్కడ ఒక్కొక్క ఆటకు 100 డాలర్ల రుసుము ముందుగా చెల్లించవలె. అమ్మకంలో నూటికి ముప్ఫై వంతులు అంగడివారు తీసుకుంటారు. ఫోను ఆటల కోసం గూగుల్ ప్లేలో ఖాతా తెరవడానికి ఒకేసారి 25 డాలర్లు కట్టవలె. ఇచ్.ఐఓ అనే చోట మాత్రం రుసుము లేకుండానే మన ఆటను ఉంచవచ్చును. కనుక డిగ్రీ మానుకుని ఆటలమీద పడమని మేము చెప్పము. ధనమే లక్ష్యమైతే ఈ దారి ఎంచుకోవద్దు.

మరి లాభమేమిటి? మొదటి లాభం, ముగించడం నేర్చుకోవడం. పరీక్షకు చదివిన చదువు పరీక్షతో పోవచ్చు గాని, ఒక వస్తువును మొదటినుండి చివరివరకు తానే నిర్మించినవాడి ఆత్మవిశ్వాసం జీవితాంతం తోడుంటుంది. రెండవది, మన భాష. చాలాకాలం ఆటలు తయారుచేసే సాధనాలలో మన అక్షరాలు సరిగా నిలిచేవి కావు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఒత్తులు ఎక్కడివక్కడ విడిపోయి చెల్లాచెదరయ్యేవి. ఉర్దూ అక్షరాలు ఒకదాని చేయి ఒకటి విడిచి, ఎడమనుండి కుడికి తలక్రిందుల నడక నడిచేవి. 2014 నుండి అందరికీ ఉచితంగా లభిస్తున్న గోడో అనే సాధనం, 2023 మార్చిలో వెలువడిన నాల్గవ రూపంతో ఈ చిక్కును చాలావరకు తీర్చింది. ఈ సంచికలోవలె ఆటలో కూడ రెండు లిపులు పక్కపక్కన నిలువగలవు. దారి తెరచుకున్నది. నడిచేవారే కావలె.

మూడవది, మన నేల. 2023లో టొరంటో నుండి వెలువడిన వెంబా అనే చిన్న ఆట, కెనడాలో స్థిరపడిన ఒక తమిళ తల్లి వంటింటి కథ. చిరిగిన వంటల పుస్తకంలో మాయమైన గీతలను ఊహించి ఇడ్లీ వండడమే అందులో ఆట. దానిని దేశదేశాలవారు ఆదరించారు. మన నెల్లూరు తీరంలో కథలకు కరవా? బకింగ్‌హాం కాలువమీద మద్రాసుకు ఉప్పు, కట్టెలు మోసిన పడవలున్నాయి. మైపాడు రేవున గాలివాటం చూచి వల వేయాలా, ఒడ్డున ఆగాలా అని తేల్చుకునే బెస్తవారున్నారు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో మోకాలిలోతు నీటిలో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అంటూ మతభేదం లేకుండా ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగ ఉన్నది. వీటిని గూర్చి ఆట అల్లడానికి సియాటిల్ నుండి ఎవరు వస్తారు?

ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. మా సీనియర్ సోదరుడొకరు తీరగ్రామం నుండి వచ్చి చదువుకున్నారు. వారి తండ్రిగారు రొయ్యల గుంటలకు రాత్రి కాపలా. ఆయన మొదట సముద్ర యుద్ధాల పెద్ద ఆట తలపెట్టి రెండేళ్ళు శ్రమించి విడిచిపెట్టారు. పిమ్మట తండ్రిగారి ఒక్క రాత్రినే ఆటగా మలిచారు. తెల్లవారుజామున గుంటలో ప్రాణవాయువు తగ్గుతుంది. కరెంటు పోతుంది. ఏరేటర్లు ఆగుతాయి. జనరేటరుకు డీజిలు కొద్దిగానే ఉన్నది. ఏ గుంటను బ్రతికించుకోవాలి? ఇదే ఆట. ఆడినవారము ఊపిరి బిగబట్టి ఆడాము.

మన పల్లెలలో అందరి చేతిలో ఉన్నది ఫోనే గనుక ఆయన దానిని గూగుల్ ప్లేలో విడుదల చేయదలచారు. 2023 నవంబరు తరువాత తెరచిన వ్యక్తిగత ఖాతాలకు అక్కడొక నియమమున్నది. విడుదలకు అనుమతి కోరే ముందు కొందరు పరీక్షకులు వరుసగా 14 రోజులు ఆ ఆటకు నమోదై ఉండవలె. మొదట 20 మంది కావలెనన్నారు. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. మేము పన్నెండుగురము పేర్లిచ్చాము. తొమ్మిదవ రోజున మాలో ఇద్దరము, ఫోనులో చోటు చాలదని ఆటను తొలగించి, జాబితా నుండి కూడ తప్పుకున్నాము. ఆయన లెక్క మళ్ళీ మొదటికి వచ్చింది. అంతలో పరీక్షలు వచ్చాయి. తరువాత ఉద్యోగం ఆయనను చెన్నైకి తీసుకుపోయింది. ఆ ఆట ఈనాటికీ ఆయన లాప్‌టాప్‌లోనే ఉన్నది. మమ్ములను ఆయన ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మమ్ములను ఇంతకాలం బాధించింది.

ఆ బాధ మాకొక సత్యం నేర్పింది. ఆటను ఒంటరిగా అల్లవచ్చును గాని, ఒంటరిగా విడుదల చేయలేము. ఒక్కడి శ్రమ వెనుక పన్నెండుమంది మాట నిలబెట్టుకొనవలె. పులిజూదంలో మేకలు చేసేది ఆ పనే. ఈ తోడు ఇవ్వగలిగినది కళాశాలయే.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మూడు విన్నపాలు. ఒకటి, కంప్యూటర్ గదిని వారానికి రెండు సాయంత్రాలు ఇట్టి పనికై తెరచి ఉంచవలె. ఇంటిలో యంత్రం లేని విద్యార్థినులకు, సోదరులకు అదొక్కటే ఆధారం. రెండు, చిన్న నిధి నొకదానిని నెలకొల్పి, పూర్తయిన ఆటకు మాత్రమే, అనగా సగంలో ఉన్నదానికి కాక, విడుదల రుసుము ఇవ్వవలె. ఆట సంపాదించిననాడు ఆ పైకం తిరిగి నిధికి చేరవలె. మూడు, వార్షికోత్సవంనాడు చిత్రాల ప్రదర్శన ప్రక్కన ఒక బల్ల వేసి, విద్యార్థుల ఆటలను తల్లిదండ్రులచేత ఆడించవలె. ఆడి చూచిన తండ్రి ఇక దానిని జూదమనడు.

విద్యార్థి మిత్రులకు ఒక్కటే మాట. చిన్నది తలపెట్టండి. ఒక సెలవు కాలంలో ముగియగలిగినదే తలపెట్టండి. ముగించండి. పరులచేత ఆడించి, వారు ఎక్కడ తడబడుతున్నారో మౌనంగా గమనించండి. దిద్ది విడుదల చేయండి. పదిమందే ఆడినా విచారించవద్దు.

రొట్టెల పండుగలో ఒక మర్యాద ఉన్నది. ఈ ఏడు రొట్టె అందుకున్నవాడు, కోరిక తీరిన పిమ్మట తిరిగి వచ్చి మరొకరికి రొట్టె ఇవ్వాలి. మన మధ్య కూడ అదే మర్యాద నెలకొనాలని కోరుతున్నాము. పన్నెండుమంది తోడు పొందినవాడు మరొకరి పన్నెండుమందిలో ఒకడు కావలె. చెన్నైలోని మా సోదరునికి ఇప్పటికే జాబు వ్రాసాము. పన్నెండు పేర్లూ సిద్ధంగా ఉన్నాయి. ఈసారి పదునాలుగు రోజులూ ఉంటాము.