‘అదంతే’ అనకుండా ఒక ఏడాది

మా వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడ కిందటి నెల తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. అమ్మాయి పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం. ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులే తెచ్చుకుంది. కన్వీనర్ కోటాలో కంప్యూటర్ సైన్సు సీటొస్తే వీధంతా స్వీట్లు పంచారు. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. ‘‘చదువు మానేస్తానంటోంది అన్నయ్యగారూ, మీరైనా ఒక మాట చెప్పండి. ఏడాది పోతుందేమోనని భయంగా ఉంది’’ అంది తల్లి.

నేను మాట చెప్పలేదు, నోట్సు చూపించమన్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు. సీ లాంగ్వేజ్ ప్రోగ్రాములన్నీ వరసగా, ఎర్ర గీతలు కొట్టి రాసుంది. అన్నీ కంఠతా వచ్చట! ఎక్కడ అర్థం కావడం మానేసిందో చూపించమ్మా అన్నాను. చాలాసేపు తలెత్తలేదు. తర్వాత నోట్సులో నాలుగో పేజీ తీసి ఒక వరస మీద వేలు పెట్టింది. ఎక్స్ = ఎక్స్ + 1.

‘‘రెండు పక్కలా ఎక్స్ కొట్టేస్తే సున్నా సమానం ఒకటి అవుతుంది కదా అంకుల్! అదెలా కుదురుతుంది? సార్‌ని అడిగితే ‘అదంతే, రాసుకో’ అన్నారు.’’

ఆ అమ్మాయి అడిగింది నూటికి నూరుపాళ్లూ సరైన ప్రశ్న. బడిలో బీజగణితం శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లకే వచ్చే ప్రశ్న. తల్లి డ్వాక్రా సంఘం లెక్కల పుస్తకం ఈ పిల్లే రాస్తుందని నాకు తెలుసు. ‘నిల్వ’ గడిలో ఏం రాస్తావని అడిగాను. పాత నిల్వకి ఈ నెల జమ కలిపి నిల్వ రాస్తానంది. పాతదీ నిల్వే, కొత్తదీ నిల్వే కదా అన్నాను. ఒక్క క్షణం ఆగి, ‘‘అంటే అది సమానం గుర్తు కాదా అంకుల్? లెక్క కట్టి మళ్లీ అందులోనే పెట్టమనడమా?’’ అంది. అంతే. పది నిమిషాలు పట్టలేదు.

ఆ పది నిమిషాలు ఆమె కాలేజీలో ఎవరి దగ్గరా లేకపోయాయి. ఆ మాస్టారిని తప్పుపట్టను. ఎదురుగా నిండు క్లాసు, సెమిస్టర్‌లో ముగించాల్సిన ఐదు యూనిట్లు, నెత్తి మీద మిడ్ పరీక్షలు. ఒక్కో ప్రశ్న దగ్గర ఆగితే సిలబస్ అవదు. ఆగకపోతే తెలుగు మీడియం పిల్లలు అక్కడే ఉండిపోతారు. వాళ్లకి మిగిలిన దారి బట్టీ. ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో రికార్డులో ఉన్న ప్రోగ్రామే వస్తే గట్టెక్కుతారు, ఒక్క అంకె మారితే చేతులెత్తేస్తారు. నాలుగేళ్లు ఇలా గడిచాక ‘మన ఇంజినీర్లకి కోడింగ్ రాదు’ అని మనమే తీర్పు చెబుతాం.

కంప్యూటర్ సైన్సు డిగ్రీకి ముందు పునాది ఏడాది ఉండాలని నేను గట్టిగా అనేది ఇందుకే. ఇది కొత్త ఊహేమీ కాదు. ఇంగ్లండులో చాలా విశ్వవిద్యాలయాలు మూడేళ్ల కంప్యూటర్ సైన్సు డిగ్రీకి ముందు ఒక ఫౌండేషన్ ఇయర్ కలిపి నాలుగేళ్ల కోర్సుగా నడుపుతున్నాయి. లెక్కలు సరిపడా చదవనివాళ్లు, మధ్యలో చదువాపి ఉద్యోగాల్లో చేరి మళ్లీ వచ్చినవాళ్లు ఆ ఏడాదిలో గణితం, ప్రోగ్రామింగ్ మొదలు, వ్యాసం రాసే పద్ధతి నేర్చుకుని అసలు కోర్సులోకి అడుగుపెడతారు.

అంత దూరం ఎందుకు, మన ఐఐటీల్లోనే ఉంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు కేటాయించిన సీట్లు మిగిలిపోతే, కటాఫ్‌కు కొంచెం దిగువన ఆగినవాళ్లకు ఏడాది పాటు ప్రిపరేటరీ కోర్సు పెడతారు. అందులో పాసైతే మరుసటేడు మళ్లీ జేఈఈ రాయకుండానే మొదటి సంవత్సరంలో చేరవచ్చు. సీటుని ఖాళీగా వదిలేయకుండా, పిల్లవాణ్ని సీటు దాకా నడిపించడమన్నమాట.

ఇంకా దగ్గరికి రండి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు, అంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి. పదో తరగతి మార్కులతోనే పల్లెటూళ్ల పిల్లల్ని తీసుకుంటారు, సర్కారు బడిలో చదివినవాళ్లకి అదనంగా మార్కులు కలుపుతారు. ఆరేళ్ల చదువులో మొదటి రెండేళ్లు పీయూసీ. లెక్కలు, సైన్సులతో పాటు ఇంగ్లీషు, ఐటీ అప్పుడే మొదలవుతాయి. ఇంటర్ బదులు అదే కాబట్టి ఏడాది అదనంగా పడదు. కంప్యూటర్ ముట్టుకోని పిల్లలు ల్యాప్‌టాప్‌ల మీద చదివే క్యాంపస్‌లలో అడుగుపెట్టారు. కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ కొనుక్కోలేని ఇళ్లలోంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు రావడం మన పల్లెలు కళ్లారా చూశాయి.

అయితే పునాది అని పేరు పెట్టినంత మాత్రాన పునాది పడదు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండనక వాననక రోజుల తరబడి క్యాంపస్‌లో బైఠాయించారు. పూర్తికాలపు వైస్ చాన్సలర్ కావాలి, అధ్యాపకులు కావాలి, మెస్సులో తిండి సరిగా ఉండాలి అన్నవి వాళ్ల కోరికలు. పదహారు పదిహేడేళ్ల పిల్లలు పాఠం చెప్పే మనిషి కోసం నేల మీద కూర్చోవాల్సి వచ్చిందంటే సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు.

మరి ఆ ఏడాదిలో ఏం నేర్పాలి? మొదటి సంవత్సరం పాఠాల్నే నెమ్మదిగా చెబితే అది పునాది కాదు. మద్రాసు ఐఐటీ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్సు ఆన్‌లైన్ డిగ్రీలో దీనికి నాకు చాలా నచ్చిన జవాబుంది. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఫరవాలేదు, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాలు విని అర్హత పరీక్ష పాసైతే ఫౌండేషన్ దశలో చేరవచ్చు. అక్కడ ‘కంప్యుటేషనల్ థింకింగ్’ అనే పాఠం కంప్యూటర్‌తో మొదలవదు, అట్టముక్కలతో మొదలవుతుంది. ఒక్కో కార్డు మీద ఒక్కో విద్యార్థి మార్కులుంటాయి. పై కార్డు తీసి చూడాలి, కావలసింది పక్కన రాసుకోవాలి, చూసిన కార్డుని రెండో దొంతిలో పెట్టాలి. మొదటి దొంతి అయిపోయేదాకా ఇదే పని. అందరిలోకీ ఎక్కువ మార్కులు ఎవరివో తేలాలంటే, పక్కన రాసుకున్న అంకె కన్నా పెద్దది కనపడినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది రాస్తే సరి. ఇదే లూపు, ఇదే వేరియబుల్. ఈ ఆట ఒకసారి చేత్తో ఆడినవాళ్లు ఎక్స్ = ఎక్స్ + 1 దగ్గర ఆగిపోరు.

ఇలాంటిది ఊరూరా ఉన్న మామూలు ఇంజినీరింగ్ కాలేజీలో ఎందుకుండకూడదు? ఏఐసీటీఈ మొదటి సంవత్సరం పిల్లలకి మూడు వారాల ఇండక్షన్ పెట్టమంది. మూడు వారాల్లో పరిచయాలవుతాయి, పునాది పడదు. పాలిటెక్నిక్ చదివి ఈసెట్‌తో నేరుగా రెండో ఏట చేరేవాళ్లకి మొదటి సంవత్సరం గణితమే తగలదు. బైపీసీ, సీఈసీ చదివినవాళ్లలో కంప్యూటర్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకి కంప్యూటర్ సైన్సు బీటెక్ తలుపే తెరుచుకోదు. వీళ్లందరికీ కోరుకుంటే ఒక ఏడాది దొరకాలి. ముందు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మొదలుపెట్టండి. ఆ ఏడాదికీ ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టలు ఇవ్వండి, లేకపోతే అది డబ్బున్నవాళ్ల సౌకర్యంగా మిగులుతుంది. వాళ్లని ‘వీక్ బ్యాచ్’ అని విడిగా కూర్చోబెట్టకండి. కాలేజీలో అందరికన్నా ఓపికగా, తెలుగులో అడిగితే తెలుగులో విప్పి చెప్పి, ఆ మాటనే ఇంగ్లీషులో అనడం నేర్పే మాస్టారిని అక్కడ వేయండి.

ఆలస్యంగా వస్తే వెనకబడిపోతారన్న భయం అక్కర్లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. కంప్యూటర్ల వైపు వచ్చింది ఆ తర్వాతే. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పల్లె పిల్లల ట్రిపుల్ ఐటీల వెనక నిలబడ్డ పెద్దల్లో ఆయనొకరు. ఏ గుమ్మంలోంచి వచ్చావన్నది ఈ శాస్త్రం అడగదు. అడిగేది మనమే.

ఆ రోజు వెళ్లబోతూ తల్లి మళ్లీ అదే మాట అంది. ‘‘సప్లీలు రాసుకుంటూ, మొదటి నుంచి నేర్చుకుంటూ కూర్చుంటే ఏడాది పోయినట్టే కదా అన్నయ్యగారూ?’’

మీరు కుట్టు నేర్చుకున్నప్పుడు ఎన్నాళ్లకి గుడ్డ మీద కత్తెర పెట్టారని అడిగాను.

‘‘ఆర్నెల్లు పాత న్యూస్‌పేపర్ల మీదే కత్తిరించానండీ. మా గురువుగారు జాకెట్టు ముక్క ముట్టుకోనిచ్చేది కాదు. గుడ్డ ఒకసారి తప్పు తెగిందంటే మళ్లీ అతకదు కదా!’’

అని, తను అన్న మాట తనకే వినపడినట్టు ఆగింది. కూతురి చేతిలోని నోట్సు తీసుకుని తన సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది. ‘‘పద, నిదానంగానే నేర్చుకుందువుగాని’’ అంది.