పొయ్యి మీది రంగు

గ్రామీణ గృహిణి పనులను లెక్కించేటప్పుడు వంట, పాడి, పిల్లల పెంపకం తప్పక ప్రస్తావనకు వస్తాయి గాని, ఉన్నికి రంగు అద్దడం ఇంటిపనిలో భాగమని ఎవరికీ తోచదు. పశ్చిమ టర్కీ కొండపల్లెల్లో మాత్రం అది తరతరాలుగా సంసారం నడపడంలో భాగంగానే సాగింది. నేల మీద పరిచే తివాచీ, ధాన్యం నింపే సంచి, పెళ్లి కూతురికి సారెగా పెట్టే నేత వస్త్రాలు ఇంటి గొర్రెల ఉన్నితో, ఊరి చుట్టూ దొరికే మొక్కల రంగులతో, ఆడవాళ్ల చేతుల మీదుగా తయారయ్యేవి. నీలిమందు ఒక్కటే బజారు నుంచి రావలసి వచ్చేది. ఈ పనికి వృత్తి అన్న పేరు లేదు గనుక దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు, కూలి కట్టనూ లేదు.

అయితే ఆ పొయ్యి దగ్గర జరిగినది నికరమైన రసాయన శాస్త్రం. ఉన్ని జంతువు ఒంటి మీద పెరిగే మాంసకృత్తుల పోగు. దాని జిడ్డు వదిలేదాకా కడగకపోతే ఏ రంగూ సమంగా పట్టదు. కడిగిన ఉన్నిని పటిక నీళ్లలో, సాధారణంగా కిలోకు 150 నుంచి 200 గ్రాముల పటిక చొప్పున, సన్నని సెగ మీద కాస్తారు. ఒకవైపు పోగును, మరోవైపు రంగును పట్టుకొని రెండింటినీ కలిపి ఉంచే ఇలాంటి లవణాన్ని అద్దకందారుల పరిభాషలో మార్డెంట్ అంటారు. ఎరుపు కోసం వాడేది మన మంజిష్ఠకు దగ్గరి బంధువైన మొక్క వేరు. మూడేళ్లు పెరిగిన వేరును తవ్వి, ఎండబెట్టి, పొడి చేసి, దాదాపు ఉన్ని ఎత్తుకు ఎత్తు వేస్తారు. నీళ్లు మరిగితే వేరులోని గోధుమ వన్నె పదార్థాలు దిగి ఎరుపు మందగిస్తుంది. వేడి నుంచి ఒక్కసారిగా చన్నీళ్లలోకి తీసి కలియబెడితే ఉన్ని అట్టకడుతుంది. అదే దాకలో మిగిలిన నీళ్లలో రెండో విడత ఉన్ని వేస్తే గులాబీ వన్నె వస్తుంది. ఇనుప లవణం కలిపితే రంగు నలుపు వైపు తిరుగుతుంది గాని, ఆ ఇనుమే కాలక్రమంలో పోగును తినేస్తుంది. పాత తివాచీల్లో నల్లని భాగాలు మాత్రమే అరిగి పల్లంగా కనిపించడానికి కారణం ఇదే.

1856లో ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు పెర్కిన్ కృత్రిమ ఊదా రంగును, 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు ఎరుపుకు వాడే ఆ వేరులోని రంగు ద్రవ్యాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. 1897 నాటికి కృత్రిమ నీలిమందు కూడా అమ్మకానికి వచ్చింది. పొట్లాల్లో అమ్మే ఈ కృత్రిమ రంగు పల్లెకు చేరాక వేర్లు తవ్వేవారు తగ్గిపోయారు. ఆ పొట్లం కొన్న స్త్రీని తప్పుపట్టడం అన్యాయం; నీళ్లు మోయడం, కట్టెలు కొట్టడం, వేర్లు దంచడం తప్పినందుకు ఆమె సంతోషించే ఉంటుంది. ప్రకృతి రంగులను కీర్తించే పట్టణ రచయితలు ఈ సంగతిని సౌకర్యంగా మరిచిపోతారు. ప్రకృతిసిద్ధమైనదంతా నిరపాయమనడమూ సరికాదు. మొక్కల రంగుతో పాటు మార్డెంట్‌గా వాడే క్రోమియం లవణం విషమే.

రెండు మూడు తరాల్లో చేతి జ్ఞానం చెదిరిపోయింది. ఇస్తాంబుల్‌లో బోధించిన జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హారాల్డ్ బ్యోమర్ పాత తివాచీల పోగులను విశ్లేషించి, ఏ రంగు ఏ మొక్కదో తేల్చిన తరువాత, 1981లో మర్మరా విశ్వవిద్యాలయం తోడ్పాటుతో మొక్కల రంగుల అద్దకాన్ని తిరిగి నేర్పే డోబాగ్ అనే పథకం అయ్వజిక్ ప్రాంతపు పల్లెల్లో మొదలైంది. అవ్వల దగ్గర ఉచితంగా దొరికిన విద్య మనవరాళ్లకు ప్రయోగశాల మీదుగా తిరిగి రావలసి రావడం విచిత్రమే. ఆ తరువాత యుంత్‌దాగ్ పల్లెల్లో నేతగత్తెలే సభ్యులుగా సహకార సంఘం ఏర్పడింది. ఈ ప్రయత్నం నిలదొక్కుకోవడానికి సంప్రదాయం మీది భక్తి కన్నా, నేసిన చేతికి డబ్బు అందడమే ముఖ్య కారణమని చెప్పాలి.

తెలంగాణ కురుమల గొంగడి కథ ఇందుకు దగ్గరిదే, కాని అందులో రంగు ప్రసక్తి దాదాపు లేదు. దక్కనీ గొర్రె ఉన్ని సహజంగానే నల్లనిది కావడంతో, ఆడవాళ్లు వడికిన దారానికి చింతగింజల గంజి పట్టించి, అంచుల్లో తెల్ల ఉన్నితో చారలు తీర్చి నేస్తారు. వానకు కప్పుగా, రాత్రికి పడకగా పనికొచ్చిన ఆ గొంగడి వెనక వడికిన గంటలు ఏ లెక్కలోనూ చేరలేదు. ఇప్పుడు మాంసం కోసం మందల్లోకి నెల్లూరు జాతి వస్తోంది. ఆ గొర్రెకు వెంట్రుకలే తప్ప కత్తిరించి వడకదగిన ఉన్ని ఉండదు. చేనేత ప్రదర్శనల్లో గొంగడిని గోడకు వేలాడదీసే ప్రభుత్వ శాఖలు ముందుగా దక్కనీ ఉన్ని కిలోకూ, దాన్ని వడికే స్త్రీ పనికీ గిట్టుబాటు ధర నిర్ణయించాలి.