గూడెంలో కాలు పెడితే పాతిక బంగారు నాణేలు

పోస్టు పెద్దది. సగం చదివి కామెంట్ పెట్టొద్దని ముందే మనవి.

పోయిన వారం మేం హాస్టల్లో ఒక కంప్యూటర్ ఆటను మార్చి, అందులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు పెడుతున్నామని రెండు లైన్లు రాశాం. దానికి మూడు రకాల మాటలొచ్చాయి. ఒకటి, "డిగ్రీ చదవమని పంపిస్తే ఆటలాడుతున్నారా?" రెండు, "చెంచులకు విల్లు ఇచ్చి పవర్ ఎక్కువ పెట్టండి తమ్ముడూ, అదిరిపోతాది." మూడు, "సుగాలీలను కూడా రెడ్డి సైన్యంలో కలపండి, మనకూ చరిత్ర ఉండాలి కదా." మొదటి మాట మాకు అలవాటే, చివర్లో చూద్దాం. రెండో మాట, మూడో మాట మీద మాత్రం మాకు కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్తాం.

మేమంటే ఒకే గదిలో ఉండే నలుగురం. ఇద్దరం సంజామల వైపు తండా పిల్లోళ్లం, ఒకడు ఆత్మకూరు అవతల నల్లమల గూడెం చెంచు, ఇంకొకడు ఎరుకల. మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. ఆట పేరు ఫ్రీసివ్. డబ్బు కట్టే పని లేదు, పాత సిస్టంలో కూడా నడుస్తుంది. 1995లో డెన్మార్క్‌లో ముగ్గురు యూనివర్సిటీ విద్యార్థులు మొదలుపెట్టిన ఆట ఇది. రూల్స్ అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. తెరిచి మార్చుకోవచ్చు, ఎవరూ అడ్డం చెప్పరు. ఏ సంఘటన ఎప్పుడు జరగాలో లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషలో రాసుకోవాలి.

ఈ ఆట మ్యాపు మీద అక్కడక్కడా చిన్న గుడిసెలుంటాయి. వాటికి పేరు ఉండదు. మన సైనికుడు అందులో కాలు పెట్టగానే గుడిసె మాయమైపోతుంది. బదులుగా 25 బంగారు నాణేలో, 50 నాణేలో, 100 నాణేలో మన ఖజానాలో పడతాయి. లేదంటే ఏదో ఒక విద్య వస్తుంది, కూలి సైనికులు దొరుకుతారు. ఒక్కోసారి లోపల్నించి బార్బేరియన్లు దూకి మన సైనికుణ్ణి చంపేస్తారు. మొదటిసారి ఆడినప్పుడు నలుగురం కేకలేసుకుంటూ గుడిసెలు వెతికాం. నాలుగో గుడిసె మాయమయ్యాక మా చెంచు తమ్ముడు అన్నాడు, "ఒరేయ్, ఇది మా గూడెంరా." ఎవ్వరం నవ్వలేదు. ఆ రాత్రికి ఆట ఆపేసి పడుకున్నాం.

ఆ బార్బేరియన్లతో ఆటలో సంధి కుదరదు. వాళ్లకు కావలసిందేమిటో ఎవరూ అడగరు. వాళ్ల నాయకుడు ఒంటరిగా దొరికితే పట్టుకోవచ్చు, 100 నాణేలొస్తాయి. ఇది రాసినోళ్లకు మన మీద పగేం లేదు, అలవాటు కొద్దీ రాసుంటారు. ఆ అలవాటు మాత్రం చాలా పాతది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాడు పుట్టుకతోనే దొంగ అని కాగితం మీద రాసుకున్నారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. మా ఎరుకల మిత్రుడి తాత దాని కింద బతికిన మనిషే. అందుకే మా ఫైల్లో మొదట తీసేసిన పదం బార్బేరియన్.

ఇక అసలు విషయం, అంతర్యుద్ధం. ఫ్రీసివ్‌లో అది రావాలంటే రాజధాని శత్రువు చేతికి పోవాలి, దేశంలో కనీసం 10 పట్టణాలుండాలి. అప్పుడు పాచికలేసినట్టు ఒక లెక్క. మామూలు రూల్స్‌లో అరాచకం నడుస్తుంటే 90 శాతం అవకాశం, ప్రజాస్వామ్యమైతే 30 శాతం. అల్లర్లు జరిగే ఊరికి 5 చొప్పున కలుస్తుంది, సంబరాల్లో ఉన్న ఊరికి 5 చొప్పున తగ్గుతుంది. పాచిక పడితే దేశం రెండు ముక్కలు. రెండో ముక్కకు కొత్త రాజు, కొత్త జెండా. ఎవడి భూమి పోయింది, ఎవడి కడుపు కాలింది అనే లెక్క అందులో ఎక్కడా లేదు.

నంద్యాలలో డెమో రైలెక్కి ఎర్రగుంట్ల వైపు పోండి. కోయిలకుంట్ల, సంజామల, నొస్సం వరసగా వస్తాయి. 1846 యుద్ధం మ్యాపు మొత్తం కిటికీలోంచి కనబడుతుంది. ఇక్కడ ఏ రాజధానీ పడిపోలేదు. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి రాసిచ్చాడు. మన్రో కలెక్టరై 1807 దాకా ఉండి పాలెగాళ్ల కోరలు పీకాడు. అధికారం తీసేసి చేతిలో తవర్జీ పెట్టారు. నరసింహారెడ్డికి నెలకు పదకొండు రూపాయల చిల్లర వచ్చేదని చెప్తారు. తాతగారి నొస్సం వైపు తవర్జీ ఆయనకు రాలేదు. అది ఆయన బాధ.

కట్టుబడుల బాధ వేరు. ఊరికి కాపలా కాసినందుకు వాళ్లకు మాన్యాలుండేవి, కుంఫిణీ వాటిని వెనక్కి లాక్కుంది. వాళ్లు ఆయన వెంట నడిచింది ఆయన తవర్జీ కోసం కాదు కదా! వడ్డె ఓబన్న ఉన్నాడు. బోయలు, యానాదులు, చెంచులు ఉన్నారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు, తర్వాత గిద్దలూరు దగ్గర కుంఫిణీ సైన్యంతో తలపడ్డారు. అవతలి పక్క కూడా అంతా తెల్లోళ్లే అనుకోవద్దు. తహసీల్దారు తెలుగువాడు, సిపాయిలు ఈ దేశంవాళ్లు. అందుకే మేం దీన్ని అంతర్యుద్ధం అనే పేరు కిందనే రాస్తున్నాం. అక్టోబరులో ఆయన పట్టుబడింది మన సంజామల మండలం పేరుసోమల దగ్గరి జగన్నాథ కొండ మీద. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తల ముప్పై ఏళ్లు కోట గుమ్మానికి వేలాడిందంటారు. ఆయనతో పాటు నూటికి పైగా మందికి శిక్షలు పడ్డాయి. వాళ్లలో పది పేర్లు చెప్పమంటే మనలో ఎంతమంది చెప్తాం? 2019లో సినిమా వచ్చాక రెడ్డి పేరు దేశమంతా తెలిసింది. మంచిదే. మిగతా పేర్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఇప్పుడు మా తప్పు ఒప్పుకోవాలి. మేం రాసిన మొదటి ఫైలు అచ్చం మీరడిగినట్టే ఉంది. రెడ్డిది ఒక జెండా, చెంచులు ఆయన చేతి కింద ఒక దళం, అడవిలో బలం రెండింతలు. ఆడితే బాగానే ఉంది. కానీ రెడ్డి ఓడిపోగానే చెంచులు కూడా మ్యాపు మీదినుంచి మాయం! అంటే గుడిసెకు విల్లు తగిలించామంతే. మా తమ్ముడు ఒకటే ప్రశ్న అడిగాడు, "నల్లమలలో దాక్కోవాలంటే దారి ఎవరు చూపించాలి, నీళ్లు యాడున్నాయో ఎవరు చెప్పాలి?" దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ ఫైలు తీసేశాం.

కొత్త ఫైల్లో చెంచులు సొంతంగా ఒక పక్షం. రెడ్డి మనుషులు అడవిలోకి రావాలంటే వాళ్లను అడగాలి. వాళ్లు ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, మధ్యలో తప్పుకోనూవచ్చు. రెడ్డి పోయాక కూడా వాళ్ల ఆట నడుస్తుంది. కట్టుబడులకు మాన్యాలు తిరిగిస్తే వాళ్లు యుద్ధం వదిలి ఇళ్లకు పోవచ్చు. "అట్లా అయితే హీరో బలం తగ్గుతుంది కదా" అని ఒక అన్న రాశాడు. తగ్గనీ అన్నా.

సుగాలీల సంగతి. మేమిద్దరం సుగాలీలమే, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాం. రెడ్డి సైన్యంలో మనోళ్లను కలిపేస్తే లైకులొస్తాయి. కానీ మనోళ్లు చేసిన అసలు పని అంతకంటే పెద్దది. లదేణి. వేల ఎద్దుల మీద గోనెలెత్తి ధాన్యం, ఉప్పు మోసిన జాతి మనది. మొగలాయిలకు మోశాం, నిజాముకు మోశాం, టిప్పుకు మోశాం, కుంఫిణీకీ మోశాం. 1791లో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా పోయి తిండి లేక, ఎద్దులు చచ్చి వెనక్కి తిరిగాడు. మరుసటేడు మళ్లీ పోయినప్పుడు ఆ సైన్యానికి ధాన్యం అందించినవాళ్లలో బంజారాలున్నారు. టిప్పును అభిమానించేవాళ్లకు ఈ మాట నచ్చదు, మాకూ వినడానికి తియ్యగా లేదు. కానీ నిజం అది. యుద్ధం ఎవరిదైనా అన్నం మన ఎద్దుల మీద నడిచింది. రైళ్లొచ్చాక లదేణి ఆగిపోయింది, తర్వాత మనల్నీ దొంగల జాబితాలో రాశారు. ఇప్పుడు అదే రైల్లో మేం పండక్కి ఇంటికి పోతున్నాం.

ఫ్రీసివ్‌లో క్యారవాన్ ఉంది గానీ అది సైన్యానికి తిండి మోయదు. మేం దాని పేరు లదేణి అని మార్చాం. పక్కన లదేణి లేని సైన్యానికి టర్న్ టర్న్‌కూ బలం తగ్గేటట్టు రాశాం. అది ఎవరికైనా అమ్ముతుంది, ఎవరైనా దోచుకుంటే మళ్లీ ఆ పక్కకు రాదు. ఇదీ మన చరిత్రే. కత్తి లేదని చిన్నతనంగా ఎందుకనుకోవాలి?

ఇది మన జిల్లా జబ్బు మాత్రమే కాదు. మన్యంలో 1922 నుంచి 1924 దాకా జరిగిన పోరాటం అనగానే అల్లూరి ఫొటో వస్తుంది. గాం గంటందొర, మల్లుదొర పేర్లు ఎంతమంది పూర్తిగా పలుకుతారో మీరే అడిగి చూడండి.

ఇక మొదటి మాట. చదువు మానేసి ఆడుతున్నాం అన్నారు. అన్నా, మాలో ఒకడికి ఇంటర్‌లో కంప్యూటర్ ముట్టుకునే అవకాశమే రాలేదు. ఈ ఫైళ్లు మార్చడానికే వాడు ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాడు. సంఘటన పేర్లు తెలుగులో రాస్తే తెర మీద మన అక్షరాలు కనబడిన రోజు వాడు పక్క గదుల్లో అందరినీ లేపుకొచ్చాడు. సెమిస్టర్ మార్కులు కావాలంటే విడిగా చూపిస్తాం.

ఇంకా మిగిలిన పనుంది. ఆటలో దేశం చీలినప్పుడు రెండో ముక్కకు ఏ పేరు రావాలో చెప్పే లైను ఒకటి ఉంటుంది. మా ఫైల్లో అది ఇంకా ఖాళీ. గుట్టలకు, వాగులకు, గూడేలకు మీ అవ్వాతాతలు పిలిచే పేర్లు పంపండి. సర్కారు మ్యాపులో ఉన్న పేర్లు వద్దు, అవి మా దగ్గరున్నాయి. శనివారం రాత్రి భోజనాలయ్యాక కోయిలకుంట్ల సంఘటన మొదట్నుంచి నడిపి చూస్తాం, నంద్యాలలో ఉన్నోళ్లు రావచ్చు. మా మౌస్ చెడిపోయింది, ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చుకోండి.