పానాకు లొంగే ఇనుము: ఇంటి గ్యారేజీ మెకానిక్కుల ప్రణాళిక

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్ళ గ్యారేజీల్లో యాభై, అరవై ఏళ్ళ నాటి చిన్న ట్రాక్టర్లు ఇంకా పనిచేస్తున్నాయి. వాటిలో కొన్ని వీల్ హార్స్‌లు. 1946లో ఇండియానాలోని సౌత్ బెండ్‌లో ఎల్మర్ పాండ్, ఆయన కొడుకు సెసిల్ కలిసి పెట్టిన కంపెనీ అది. ఇంకొన్ని, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961లో కెంటకీలోని లూయివిల్ నుంచి మార్కెట్లోకి వదిలిన కబ్ క్యాడెట్లు. 1963లో విస్కాన్సిన్‌లోని హోరికాన్‌లో తయారవడం మొదలైన జాన్ డీర్ 110లు కూడా కనిపిస్తాయి. చాలావాటి శక్తి ఏడు నుంచి పదహారు హార్స్‌పవర్ మధ్యే. తెలుగు పల్లెల్లో దమ్ము చేసే ట్రాక్టర్లతో ఇవి తూగవు. ఇంటి చుట్టూ గడ్డి కోయడానికి, కూరగాయల మడి దున్నడానికి, చలికాలంలో వాకిట పడ్డ మంచు తోయడానికి పుట్టిన యంత్రాలివి.

వీటిని తుక్కు కొట్టుకు తోలకుండా సొంత షెడ్డులో బాగుచేసుకుంటూ, అవసరానికి తగ్గట్టు మార్చుకుంటూ వాడుతున్నవారి ప్రణాళిక ఇది. వాళ్ళు నమ్మేది ఒక్కటే. యంత్రాన్ని విప్పే హక్కు దాని యజమానిది. విప్పిన ప్రతివాడూ తన తర్వాత దాన్ని విప్పబోయేవాడికి బాకీ ఉంటాడు. ఈ రెండు ముక్కల్లో ఒకటి ఒప్పుకుని రెండోది వదిలేసేవారికి ఈ బృందంలో చోటు లేదు.

హక్కు మాట ముందు చూడాలి. ఆనాటి గార్డెన్ ట్రాక్టర్లలో చాలావాటికి కోలర్ కంపెనీ కె-శ్రేణి ఇంజను ఉండేది. పోత ఇనుప దిమ్మ, ఒకే సిలిండరు, పక్కన వాల్వులు, పైన చదునైన హెడ్. చుట్టూ ఉన్న బోల్టులు విప్పితే హెడ్ చేతిలోకి వస్తుంది. నిప్పురవ్వను నియంత్రించే పాయింట్లు ఫ్లైవీల్ వెనక దాక్కోకుండా ఇంజను పక్కనే చిన్న మూత కింద ఉంటాయి. క్యామ్‌షాఫ్ట్ మీద ఆనుకున్న సన్నని పుష్‌రాడ్ వాటిని తెరుస్తూ ఉంటుంది. వాటి మధ్య ఖాళీ 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు. ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫీలర్ గేజ్ ఉంటే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. సిలిండరు అరిగిపోతే బోరు చేయించి 0.010, 0.020 లేదా 0.030 అంగుళం ఓవర్‌సైజు పిస్టన్ వేసుకోవచ్చు. క్రాంక్ అరిగితే గ్రైండింగ్ చేయించి 0.010 అంగుళం అండర్‌సైజు కనెక్టింగ్ రాడ్ బిగించవచ్చు. ఆ ఇంజను గీసినవాళ్ళు అరుగుదలను ముందే ఊహించి, దానికి మందు కూడా కేటలాగులో పెట్టారు. ఈ బృందం కోరే గౌరవం అదే. ఈనాటి చౌకరకం గడ్డికోత ట్రాక్టర్లలో కొన్నిటి హైడ్రోస్టాటిక్ పెట్టెలకు, అంటే నూనె ఒత్తిడితో చక్రాలను తిప్పే పెట్టెలకు, నూనె దింపే బోల్టు కూడా ఉండదు. నూనె మార్చుకోవద్దని యజమానికి చెప్పే యంత్రాన్ని అతను పూర్తిగా కొన్నట్టు వీళ్ళు లెక్కవేయరు.

పరీక్ష ముందు, కొనుగోలు తర్వాత. ఇంజను స్టార్ట్ కాకపోతే మొదట స్పార్క్ చూడాలి, తర్వాత పెట్రోలు, ఆ తర్వాత కంప్రెషన్. అమెరికా బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. అది పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు కార్బొరేటర్ జెట్లలో జిగురులా పేరుకుంటుంది. గొట్టం మార్చి జెట్లు శుభ్రం చేస్తే పోయే జబ్బుకు కొత్త కార్బొరేటర్ కొనడం ఈ బృందం దృష్టిలో వైద్యం కాదు. ఆనాటి ట్రాక్టర్లలో చాలావాటికి స్టార్టరూ జనరేటరూ ఒకే పెట్టెలో ఉంటాయి. దాన్ని విప్పి మళ్ళీ బిగించాక రెగ్యులేటర్ దగ్గర బ్యాటరీ కొసనూ జనరేటర్ కొసనూ ఒక్క క్షణం తీగతో తాకించాలి. అలా దాని ధ్రువాలు సరిపడకపోతే నిక్షేపంలాంటి జనరేటరు కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. కొసలు ఏవో ఆ మోడల్ మాన్యువల్ చూసే తేల్చుకోవాలి, ఊహించకూడదు.

తొందర కూడా నిషిద్ధమే. దశాబ్దాలుగా కదలని వెనక చక్రం హబ్ యాక్సిల్‌కు తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. సుత్తి ఎత్తితే పోత ఇనుము పగులుతుంది, యాక్సిల్ కొస విచ్చుకుపోయి ఆ తర్వాత హబ్ అసలే రాదు. తుప్పు వదిలించే నూనె పోయాలి, పుల్లర్ బిగించాలి, కొంచెం వేడి చేయాలి, మర్నాడు మళ్ళీ పోయాలి. హబ్‌ను ఊడదీయడానికి వారం పట్టిందని ఈ గ్యారేజీల్లో ఎవరూ నవ్వరు.

ఫ్యాక్టరీ చేసిందల్లా వేదమని కూడా వీళ్ళు అనరు. పెద్ద కె-శ్రేణి ఇంజన్లు కొన్నిటిలో అదురు తగ్గించడానికి క్రాంక్‌కేసులో బ్యాలెన్స్ గేర్లు పెట్టారు. అవి సూది బేరింగుల మీద తిరుగుతాయి. బేరింగులు అరిగితే గేరు వదులై ముక్కలవుతుంది, ఆ ముక్క దిమ్మనే చీల్చుకుని బయటికి రావచ్చు. ఇంజను పూర్తిగా విప్పిన ప్రతిసారీ ఆ గేర్లను తీసి పక్కన పెట్టడం ఈ రంగంలో అనుభవజ్ఞుల అలవాటు. కొంచెం అదురు పెరుగుతుంది, ఇంజను బతుకుతుంది. ఈ తీర్పు ఏ మాన్యువల్లోంచీ రాలేదు. పగిలిన దిమ్మలను చూసినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోగా నిలబడిన జ్ఞానమిది, అందుకే దాన్ని దాచుకునే అధికారం ఎవరికీ లేదు.

ఇక మార్పుల సంగతి. ఈ బృందంలో వాదనలు ఎక్కువ జరిగేది ఇక్కడే. అసలు రూపం చెక్కుచెదరకూడదనే వాళ్ళున్నారు, తనకు నచ్చినట్టు కోసి అతికించుకుంటాననే వాళ్ళూ ఉన్నారు. ఈ ప్రణాళిక ఇద్దరినీ కాదనదు, కాని ఒక షరతు పెడుతుంది: మార్పు వెనక్కి తిప్పుకోగలిగేలా ఉండాలి. దిమ్మ పగిలిపోయిన వీల్ హార్స్‌కు కొత్త చైనా ఇంజను బిగించడం తప్పేమీ కాదు. 420 సీసీ ఇంజన్లలో 1 అంగుళం షాఫ్టు ఉన్నవి దొరుకుతాయి, ఎనిమిది హార్స్‌పవర్ కోలర్ కె181 షాఫ్టూ అంతే, కాబట్టి పాత పుల్లీ సరిపోతుంది. బోల్టు రంధ్రాలు మాత్రం కలవవు. అప్పుడు ఫ్రేముకు కొత్త రంధ్రాలు వేయకుండా మధ్యలో ఒక ఇనుప పలక పెట్టి, దానికి రంధ్రాలు వేసుకోవాలి. రేపు ఎవరికైనా అసలు ఇంజను దొరికితే పలక తీసేసి దాన్ని బిగించుకుంటారు.

ఈ షరతుకు మంచి పరీక్ష ఎలెక్-ట్రాక్. 1969 చివర్లో జనరల్ ఎలక్ట్రిక్ తెచ్చిన బ్యాటరీ గార్డెన్ ట్రాక్టర్ అది. ఆరు వోల్టుల సీసపు బ్యాటరీలు ఆరు కలిపి 36 వోల్టుల మీద నడిచేది. ఇప్పుడు వాటి స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు పెట్టేవాళ్ళున్నారు. మూడు కలిపితే 38 వోల్టుల పైచిలుకు వస్తుంది, మోటారుకు ఇబ్బంది లేదు. పాత ఛార్జరు మాత్రం పనికిరాదు, లిథియంకు తగిన ఛార్జరే కావాలి. ఇంకో సంగతి చాలామందికి బిగించాకే అర్థమవుతుంది. సీసపు బ్యాటరీల బరువే ఆ ట్రాక్టరుకు నేల మీద పట్టు ఇచ్చేది. తేలిక బ్యాటరీలు పెట్టాక చక్రాలు జారుతుంటే తీసిన బరువును వేరేగా కట్టాలి. మార్చినవాడు ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, కొత్త వైరింగు బొమ్మ గీసి, సీటు కింద ప్లాస్టిక్ సంచిలో పెట్టాలి. తీసేసిన అసలు భాగాలకు చీటీలు కట్టి దాచాలి, ట్రాక్టరు అమ్మితే వాటిని కూడా ఇవ్వాలి. ఆ కాగితం లేని మార్పును ఈ బృందం పూర్తయిన పనిగా ఒప్పుకోదు.

కొన్ని హద్దుల దగ్గర వాదన లేదు. గవర్నరును పనిచేయకుండా కట్టేయకూడదు. ఈ ఇంజన్లు నిమిషానికి 3600 చుట్లకు మించకుండా ఆపేది అదే. పోత ఇనుప ఫ్లైవీల్ అంతకు చాలా మించి తిరిగితే పేలిపోగలదు, ఆ ముక్కలు తగిలినవాడు బతకడం కష్టం. ట్రాక్టర్ పుల్లింగ్ పోటీల్లో ఎక్కువ వేగం కోరుకునేవాళ్ళు స్టీలు ఫ్లైవీలు, చుట్టూ కవచం పెట్టుకునేది అందుకే. ముందు లోడరు కట్టేవాళ్ళు వెనక బరువు కట్టకుండా మట్టి ఎత్తకూడదు, ఎత్తిన తొట్టితో వాలు మీద అడ్డంగా నడపకూడదు. సీటు స్విచ్ ఉంటే తీసేయరు, లేకపోతే పెట్టుకుంటారు. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎవరూ దూరరు. పాత బ్రేకు, క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి ఆ దుమ్మును గాలి కొట్టి ఎగరేయరు. 1978కి ముందు అమెరికా రంగుల్లో సీసం ఉండేది కనుక పాత పెయింటును పొడిగా రుద్దకుండా తడిపి రుద్దుతారు, పిల్లలను ఆ రోజు షెడ్డులోకి రానివ్వరు.

తెలిసింది చెప్పడం బాకీలో భాగం. వీల్ హార్స్‌ను 1986లో కొన్న టోరో సంస్థ ఆ పాత ట్రాక్టర్ల మాన్యువల్స్‌ను ఉచితంగా అందుబాటులో ఉంచింది. కంపెనీలన్నీ చేయాల్సింది అదే. కంపెనీ చేయనిచోట మెకానిక్కే చేయాలి: మార్కెట్లో దొరకని బుష్ కొలతలు తీసుకుని, లేత్ మీద చేయించి, ఆ కొలతలను నలుగురికీ ఇవ్వాలి. విజయవాడ ఆటోనగర్‌లో పెరిగినవాళ్ళకు ఇందులో సగం కొత్తగా చెప్పనక్కర్లేదు. దొరకని భాగాన్ని పాతదాని కొలతతో తయారుచేయడం అక్కడి లేత్ షెడ్ల రోజువారీ పని. ఆ కొలత కాగితం మీదికెక్కి మరో ఊరి షెడ్డుకు చేరడమే మిగిలిన సగం.

చట్టాన్ని అడిగేది కూడా ఇదే. ట్రాక్టర్లలోని సాఫ్ట్‌వేర్ తాళాలను రిపేరు కోసం యజమానులు తెరుచుకోవచ్చని అమెరికా కాపీరైట్ నిబంధనల్లో 2015లో మినహాయింపు వచ్చింది. వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుకు అమెరికాలో మొదట చట్టం చేసిన రాష్ట్రం కొలరాడో. ఆ చట్టంపై 2023లో సంతకమైంది, 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. భారత ప్రభుత్వం 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు మొదట ఎంచుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. తాళం తెరిచే హక్కు ఒక్కటే చాలదని ఈ బృందం పట్టుబడుతుంది. విడిభాగం దొరకాలి, దాని ధర రైతుకు అందేలా ఉండాలి, వైరింగు బొమ్మ డీలరు చేతిలోనే ఆగిపోకూడదు.

బతికించలేని యంత్రాలు కూడా ఉంటాయి. కనెక్టింగ్ రాడ్ విరిగి దిమ్మ రెండు వైపులా పగిలితే, ఫ్రేము తుప్పుతో చేతికే విరుగుతుంటే, ఇక వైద్యం ఆపాలి. అలాంటి ట్రాక్టరును పూర్తిగా విప్పి గేరుపెట్టె, స్టీరింగు, హబ్‌లు, హుడ్, మడ్‌గార్డులు విడివిడిగా తుడిచి, నూనె పూసి, ఏ మోడల్‌వో చీటీ మీద రాసి పెడతారు. అవసరమైన తోటివాడికి లాభం చూసుకోకుండా, తీయడానికీ పంపడానికీ అయిన ఖర్చుకే ఇస్తారు. పగిలిన దిమ్మ, పనికిరాని రేకు తుక్కుకు వెళ్తాయి. వాడిన నూనె నేల మీద పోయకుండా డబ్బాల్లో పట్టి సేకరణ కేంద్రానికి ఇస్తారు.