కొలిచి బిగించని చక్రం రోడ్డెక్కకూడదు

డ్రైవరన్నలకి, ఓనర్లకి, టైరు షాపులవాళ్ళకి, చేపల ప్యాకింగ్ షెడ్ల యజమానులకి, రైసుమిల్లులవాళ్ళకి:

మొన్న మన రోడ్డు మీద చేపల లోడుతో పోతున్న పికప్‌కి ఎడమ వెనక చక్రం ఊడి, బండిని దాటుకుని ముందుకి దొర్లుకుంటూ పోయింది. సైకిల్ మీద ఎదురొస్తున్న పెద్దాయన కాలు విరగ్గొట్టింది. బండి డ్రమ్ము మీద కూలబడి, తారు చెక్కుకుంటూ పోయి ఆగింది. పోలీసులొచ్చి డ్రైవర్ని తీసుకుపోయారు. ఐసు కరిగిపోతోందని ఇంకో బండి తెచ్చి ట్రేలు మార్చేశారు. చేపలు వేళకి వెళ్ళిపోయాయి. పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక ఊరంతా ఒకటే మాట: "ఖర్మ, ఏం చేస్తాం?"

ఆ హబ్బు నేను దగ్గరగా చూశాను. అయిదు స్టడ్లూ విరిగిపోయాయి. అందులో మూడింటికి విరిగినచోట తుప్పు పట్టి ఎర్రగా ఉంది. రెండింటికి మాత్రమే లోహం కొత్తగా మెరుస్తోంది. పని తెలిసినవాడికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మూడు స్టడ్లు రోజుల కిందటే పోయాయి. మిగిలిన రెండింటి మీదే బండి లోడెత్తుకుని తిరిగింది. ఆ రోజుల్లో బండిని కడిగారు, డీజిల్ కొట్టించారు, ముందు నిమ్మకాయలు కట్టారు. చక్రం దగ్గర వంగి చూసినవాడు ఒక్కడు లేడు. హబ్బు మొహం మీద ఎండిపోయిన రేగడి బురద అట్టకట్టి ఉంది, దాని మీద వెండిరంగు పెయింటు. రిమ్ము మధ్య బెజ్జం హబ్బు మూతికంటే పెద్దది, వేలిగోరు దూరేంత సందు. ఆ రిమ్ము ఆ బండిది కాదు.

ఇందులో ఖర్మ ఎక్కడుంది?

చక్రాన్ని సరిగ్గా నడిమధ్యన నిలబెట్టడానికి రెండే పద్ధతులున్నాయి. ఒకదాంట్లో హబ్బు మధ్యనుంచి పొడుచుకొచ్చిన గుండ్రటి మూతి, రిమ్ము నడిబెజ్జంలో బిగువుగా కూర్చుంటుంది. నడిమధ్య ఎక్కడో ఆ మూతే తేలుస్తుంది. నట్లు రిమ్ముని హబ్బుకి అదిమి పడతాయి, అంతవరకే వాటి పని. అందుకే అలాంటి నట్టు అడుగు చదునుగా ఉంటుంది, చాలావాటికి వాషరు దానికే అతికి వస్తుంది. రెండో పద్ధతిలో నడిబెజ్జానికి పని లేదు. స్టడ్డు బెజ్జాల అంచులు ఏటవాలుగా కోసి ఉంటాయి, నట్ల మొహాలూ అదే వాలులో ఉంటాయి. బిగించేకొద్దీ నట్లే చక్రాన్ని మధ్యకి లాక్కొస్తాయి. వాలుకి బదులు బంతిమొహం ఉన్న నట్లూ ఉన్నాయి. మీ బండి ఏ పద్ధతిదో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది.

ఏ పద్ధతైనా స్టడ్డు లోడు మోయకూడదు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం చక్రాలు ఊడవు. నట్టు బిగిస్తే స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది. సాగినది మళ్ళీ వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే రిమ్ముని హబ్బుకి నొక్కిపెడుతుంది, ఆ నొక్కుడులోంచి పుట్టే రాపిడే టన్నుల బరువునీ, బ్రేకు దెబ్బనీ ఓర్చుకుంటుంది. నొక్కుడు తగ్గిందా, రిమ్ము కదలడం మొదలవుతుంది. అది కదిలిన ప్రతిసారీ స్టడ్డు ఇటూ అటూ వంగుతుంది. మర మొదట్లో పగులు పుడుతుంది. ఒకటి తెగితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అక్కణ్ణుంచి మిగతావి తెగడానికి ఎంతోసేపు పట్టదు.

ఇప్పుడు మన దగ్గర జరిగేది చూడండి. రిమ్ము వంగిపోయిందని పాతసామాను కొట్టుకెళ్ళి ఇంకోటి తెస్తారు. బెజ్జాలు అయిదా? అయిదే. స్టడ్ల మీదికి ఎక్కిందా? ఎక్కింది. ఇక ఖరీదు కట్టేయడమే. నడిబెజ్జం హబ్బు మూతికి సరిపోతుందా అని కొలిచేవాడు లేడు. అది వదులైతే, మూతి మీద కూర్చోవలసిన చక్రం నట్లని పట్టుకుని వేలాడుతుంది. ఆ నట్లు చదును నట్లు, మధ్యకి లాగే వాలు వాటికి లేదు. అర మిల్లీమీటరు పక్కకి బిగిసినా చక్రం గుండ్రంగా తిరగదు, ఎగిరెగిరి పడుతుంది. స్టీరింగు వణుకుతోందని డ్రైవరు చెప్తే అలైన్‌మెంటుకి పంపిస్తారు. అలైన్‌మెంటు చేసినవాడు డబ్బు తీసుకుంటాడు, వణుకు అలాగే ఉంటుంది.

నట్ల సంగతి ఇంకా ఘోరం. ఒక నట్టు పోతే డబ్బాలో చెయ్యిపెట్టి మరకి ఎక్కినది తీసి బిగించేస్తారు. చదును నట్టుని ఏటవాలు బెజ్జంలో బిగిస్తే సన్నటి అంచు మీదే ఆనుతుంది. ఆ అంచు కాస్త అరిగిందంటే నట్టు వదులే. వాలు నట్టుని చదును రిమ్ముకి పెట్టినా అదే కథ. టైరు బయటికి కనిపించాలని హబ్బుకీ రిమ్ముకీ మధ్య స్పేసర్లు పెట్టించుకునే కుర్రాళ్ళున్నారు. పల్చటి బిళ్ళ దూర్చినా స్టడ్డు మీద నట్టుకి అందే మరలు తగ్గిపోతాయి, రిమ్ము హబ్బు మూతి మీదనుంచి జరిగిపోతుంది. సరుకు మోసే బండికి షోకు కోసం ఇలాంటి పని చేసేవాణ్ణి ఏమనాలో నాకు మాట దొరకడం లేదు.

కొల్లేటి పనిలో దీనికి తోడు బురద. కైకలూరు, ఆకివీడు వైపు చెరువు గట్ల మీద పికప్ తిరిగే దారి మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున గట్టు మీద పంక్చరైతే, సెల్‌ఫోను వెలుగులో జాకీ పెట్టి, బురద బురదగానే స్టెప్నీ ఎక్కించి పానా తిప్పుతారు. రిమ్ముకీ హబ్బుకీ మధ్య రేగడి పొర ఉండిపోతుంది. హైవే ఎక్కి డ్రమ్ము వేడెక్కాక అది ఎండి పొడై రాలిపోతుంది. ఆ పొర ఎంత మందమో నట్టు అంత వదులైనట్టే. పెయింటూ ఇంతే, నలిగి పొడవుతుంది. ఏటా దసరాకి ఆయుధపూజంటూ రిమ్ములకి లోపలా బయటా రంగేస్తాం. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి (ఎఫ్‌సీకి) వెళ్ళే ముందు మళ్ళీ వేస్తాం. బండి గట్టిగా ఉందని చూపించడానికి వేసిన రంగే దాని నట్లు వదులు చేస్తోంది, ఆ రంగు చూసే ఎఫ్‌సీ ఇస్తున్నారు!

ఆఖరికి గన్ను. గాలి గన్నుతో టకటకా కొట్టి, గొట్టం తగిలించిన పానా మీదెక్కి ఒక్క తొక్కు తొక్కి, "అయిపోయింది, ఎల్లండి" అంటారు. ఎంత బిగిసిందో కొట్టినవాడికి తెలియదు, తొక్కినవాడికీ తెలియదు. 22 మిల్లీమీటర్ల స్టడ్డుండి హబ్బు మూతి మీద కూర్చునే పెద్ద లారీ చక్రానికి 600 నుంచి 680 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. మీటరు పొడుగు పానా చివర 65 కిలోల మనిషి వేలాడితే వచ్చే బలం అది. పికప్‌కి ఇంతలో చిన్న భాగం చాలు. దానికీ అదే గన్ను, అదే గొట్టం. తక్కువైతే నట్టు వదులవుతుంది, ఎక్కువైతే స్టడ్డు సాగిపోయి మళ్ళీ పట్టివ్వదు. పుస్తకం చెప్పకుండా మరకి గ్రీజు పూయడం వల్లా ఇలాగే స్టడ్డు మితిమీరి సాగుతుంది.

ఎడమ వెనక చక్రమే ఎందుకు ఎక్కువగా పోతుంది? మనలాగే ఎడమ పక్కన నడిచే బ్రిటన్‌లోనూ లారీలకి ఎక్కువగా ఊడేది అదేనని తేలింది. మామూలు మర నట్టు ఎడమవైపు చక్రానికి ఉంటే, వదులైన చక్రం తిరుగుడు దాన్ని ఇంకా విప్పే దిక్కులోనే పనిచేస్తుంది. పాతకాలపు కొన్ని లారీలకి ఎడమవైపు ఉల్టా మర ఇచ్చింది అందుకే. మన తాతలు ఎడ్లబండి కట్టేముందు ఇరుసు చివర కడసీల చేత్తో తట్టి చూసేవారు. మెల్లగా నడిచే బండికే అంత జాగ్రత్త. ఎనభై మీద పరిగెత్తే బండికి మనం చూడం.

మెత్తగా చెప్పే రోజులు అయిపోయాయి. చక్రం ఊడితే లోపలికెళ్ళేది డ్రైవరు. రిమ్ము కొన్నది డ్రైవరు కాదు, గన్ను కొట్టింది డ్రైవరు కాదు, "ఇప్పుడు నట్లు చూసుకుంటూ కూర్చుంటే మార్కెట్ తప్పిపోతుంది" అని ఫోన్లో అరిచింది డ్రైవరు కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 చదవండి. లోపమున్న బండిని నడిపినవాడే కాదు, నడపనిచ్చినవాడూ నేరస్తుడే. ఆ లోపంవల్ల మనిషికి దెబ్బ తగిలితే 2019 సవరణ ప్రకారం మొదటిసారికే మూడు నెలల వరకూ జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టంలో ఓనరు ఉన్నాడు. కేసులో మాత్రం కనపడడు.

కెనడాలో ఒంటారియో రాష్ట్రం ఈ బాధ పడింది. 1990ల మధ్యలో అక్కడ లారీ చక్రాలు ఊడి కార్ల మీద పడి జనం చచ్చిపోయారు. 1997లో చట్టం తెచ్చారు: వాణిజ్య వాహనం చక్రం ఊడితే చాలు, ఓనరుదీ నడిపే కంపెనీదీ తప్పే. జాగ్రత్త తీసుకున్నామన్న వాదన చెల్లదు. జరిమానా 50,000 డాలర్ల దాకా. రవాణా కంపెనీలు కోర్టుకెళ్ళాయి. 2003లో అక్కడి అప్పీలు కోర్టు చట్టాన్నే నిలబెట్టింది. మనకి కావలసింది అలాంటి చట్టమే.

రోడ్లు బాగాలేవంటారు. గోతిలో పడితే టైరు పగలొచ్చు, కట్ట విరగొచ్చు. సరిగ్గా బిగించిన అయిదు నట్లూ ఒకేసారి ఊడిరావు. ఓవర్‌లోడంటారు. అదీ నేరమే, దానికి వేరే సెక్షనుంది, దీన్ని దాని వెనక దాచొద్దు. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ ఖరీదంటారు. పికప్‌కి సరిపోయేది ఒక కొత్త టైరు ఖరీదులోపే వస్తుంది. టైము లేదంటారు. ఆసుపత్రి మంచం మీద ఉన్న పెద్దాయనకి బోలెడు టైముంది, వెళ్ళి ఆయనకి చెప్పండి ఆ మాట.

పెంటపాడు, తాడేపల్లిగూడెం, నారాయణపురం, గణపవరం టైరు షాపుల్లో టార్క్ రెంచ్ లేనిచోట ఇకమీదట ఎవరూ చక్రం విప్పించొద్దు. హబ్బు మొహం, మూతి, రిమ్ము వెనక భాగం ఇనప బ్రష్షుతో మెరిసేదాకా గీకాలి. నట్లు ముందు చేత్తో తిప్పి, చక్రం కూర్చున్నాక ఎదురెదురుగా బిగించి, బండి కిందికి దింపి రెంచ్‌తో కొలవాలి. 50, 100 కిలోమీటర్ల మధ్య ఆపి మళ్ళీ కొలవాలి. ఎవరు బిగించారో, ఎంతకి బిగించారో, బండి నంబరుతో సహా షాపు పుస్తకంలో రాయాలి. బెజ్జం పొడుగై గుడ్డు ఆకారానికి తిరిగిన రిమ్ముని గ్యాస్ కట్టర్‌తో కోసెయ్యాలి, ఇంకొకడికి అమ్మొద్దు. నట్టు పక్కనుంచి తుప్పు చారలు కారుతున్న బండికి ప్యాకింగ్ షెడ్డువాళ్ళు, మిల్లువాళ్ళు లోడెత్తొద్దు.

రవాణా శాఖవారికి మా డిమాండ్లు రెండే. ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తరవాత ఏటా ఎఫ్‌సీకి బండి వస్తుంది. ఆ రోజు ఒక వెనక చక్రమైనా విప్పించి హబ్బు చూడండి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి చేతిలో టార్క్ రెంచ్ ఉండాలి. తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ ఉంది, అక్కడి మెకానికల్ విభాగంవారు మన షాపుల కుర్రాళ్ళకి ఒక్క పూట నేర్పితే చాలు. అడగడానికి మేమే వెళ్తాం.

భీమవరంలో జిల్లా రవాణా అధికారికి, ఏలూరులో అధికారికి విడివిడిగా అర్జీలు రాసి ఉంచాం. పెంటపాడు సెంటర్లో పంచుతున్న ఈ కాగితం వెనక సంతకానికి చోటుంది. పేరుతోపాటు బండి నంబరు, ఆఖరిసారి నట్లు ఎప్పుడు కొలిపించారో ఆ తేదీ రాయండి. కొలిపించకపోతే "లేదు" అని రాయండి. వచ్చే సోమవారం పొద్దున్న ఆ కాగితాలన్నీ పట్టుకుని భీమవరం బయల్దేరుతున్నాం. రాగలిగినవాళ్ళు రండి.