డీలరు తప్పు చేస్తే కార్డుదారుకా శిక్ష?

భీమునిపట్నం: చౌకధరల దుకాణంలో తనిఖీ జరుగుతుంది. లెక్కలో ఉన్న నిల్వకూ, కొట్లో ఉన్న బస్తాలకూ తేడా వస్తుంది. 6ఎ కేసు రాసి సరుకు పట్టుకుంటారు. డీలరును సస్పెండు చేస్తారు. పేదల బియ్యాన్ని నల్లబజారుకు చేర్చే డీలరును ఎవరూ వెనకేసుకు రానక్కరలేదు. కంచే చేను మేస్తే శిక్ష పడవలసిందే. అయితే మరుసటి నెల నుంచి ఆ ఊరి కార్డుదారుల గతి ఏమిటి?

సాధారణంగా పక్క ఊరి డీలరుకు ఇన్‌ఛార్జి ఇస్తారు. ఆయనకు తన దుకాణం ఉండనే ఉంది. ఇంటింటికీ బియ్యం చేర్చడానికి 2021లో పెట్టిన 9,260 వాహనాలను ప్రభుత్వం తీసివేసి, 2025 జూన్ 1 నుంచి పంపిణీని తిరిగి దుకాణాలకే అప్పగించింది. 65 ఏళ్లు దాటిన వృద్ధులకు, వికలాంగులకు డీలరే ఇంటికి తెచ్చి ఇవ్వాలన్నది. రెండు ఊళ్ల దుకాణాలు చూసే ఒక్క మనిషి ఎన్ని గడపలు ఎక్కగలడు?

ఏ దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చును కదా అనవచ్చు. నిజమే. కాని పక్క ఊరికి పోవాలంటే ఒక పూట కూలి పోవాలి, ఆటో ఖర్చు పెట్టాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ తీరంలోని మత్స్యకారుల ఇళ్లకు ఈ బియ్యమే ఆధారం.

2013 నాటి ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు హక్కుగా ఇచ్చింది. ఆ హక్కు కార్డుదారుది. డీలరు మీద కేసు ఉన్నంత మాత్రాన అది ఆగరాదు.

డీలరు మాట కూడా వినాలి. గోదాము నుంచి వచ్చే బస్తాలు తూకం తగ్గుతున్నాయన్న మొర పాతదే. ఆ తరుగును దొంగతనంగా ఎంచరాదు. దొంగతనాన్ని తరుగు పేరుతో కప్పిపుచ్చనూరాదు. బస్తాలు దింపేటప్పుడే గ్రామస్థుల ఎదుట కాటా వేసి రాసుకుంటే ఈ తగవే ఉండదు. నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, గడువులోగా విచారణ ముగించాలి. నెలల తరబడి నానబెడితే తప్పు చేయనివాడు చితికిపోతాడు, చేసినవాడు పలుకుబడి వెతుక్కుంటాడు.

దుకాణాల కేటాయింపులో పంచాయతీలకు, సహకార సంఘాలకు, స్వయం సహాయక సంఘాలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. కనుక డీలరును సస్పెండు చేసిన రోజునే ఆ ఊరి మహిళా సంఘానికి దుకాణాన్ని తాత్కాలికంగా అప్పగించవచ్చు. 2022లో భీమునిపట్నమే రెవెన్యూ డివిజను కేంద్రమైంది. ఆర్డీవో కార్యాలయం దగ్గరకు వచ్చింది. సస్పెన్షన్ ఉత్తర్వులోనే కార్డుదారులు ఎక్కడ, ఏ వేళల్లో బియ్యం తీసుకోవాలో రాసి పంచాయతీ కార్యాలయం వద్ద అంటించాలి. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలని కోరుతున్నాము.