నగర మధ్యంలో ఫతే మైదానం

మన వెలుగోడు వంటి ఊళ్ళ నుండి హైదరాబాదుకు వెళ్ళిన విద్యార్థులు చార్మినారును, గోల్కొండను చూసి మరలివస్తారు. శాసనసభకు కూతవేటు దూరంలో ఉన్న లాల్ బహదూర్ క్రీడాప్రాంగణాన్ని చరిత్రగా ఎంచి చూసేవారు అరుదు.

1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు ఇక్కడ విడిసాయనీ, విజయానంతరం దీనికి ఫతే మైదానమనే పేరు వచ్చిందనీ చెబుతారు. ‘ఫతే’ అంటే జయం. ఓడిన నగరమే ఆ జయనామాన్ని ఇన్ని తరాలు మోయడం విచిత్రం! 1967లో శాస్త్రిగారి పేరు పెట్టినా పాత పేరు మాసిపోలేదు.

1955లో న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేసినది ఇక్కడే. టెస్టుల్లో భారతీయుని తొలి ద్విశతకమది. 1999లో అదే జట్టుపై సచిన్, ద్రావిడ్ జోడించిన 331 పరుగులు ఆనాటికి ఒకరోజు పోటీలలో ప్రపంచ రికార్డు. 2005 నుండి అంతర్జాతీయ క్రికెట్ ఉప్పల్‌కు తరలిపోయింది.

1983లో ఎన్.టి. రామారావు, 2023లో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసినదీ ఈ మైదానంలోనే. ప్రజాసమక్షంలో ప్రమాణం చేయాలనే తలంపు ఉదాత్తమైనదే, కాదనను. అయినా క్రీడాస్థలాన్ని సభాస్థలిగా మార్చడం నాకు సమ్మతం కాదు. వేలాది పాదాలు తొక్కిన పచ్చిక కోలుకొనేదాకా సాధన ఆగేది ఎవరిది? బస్సు దిగి నడిచివచ్చే పేదింటి పిల్లవానిది. వాహనం లేనివానికీ అందుబాటులో ఉండడమే నగర మధ్యంలోని మైదానానికి అసలైన విలువ. సభలు తప్పవనుకుంటే, నేలను మరల ఆటకు సిద్ధపరచే గడువునైనా ముందుగా ప్రకటించాలి.